ప్రతి మాటా వినిపించింది

నా వేళ్లు తెగిన మిషన్ కేసు ఇవాళ విచారణకొచ్చింది. “జ్వరంగా ఉందే, రాలేను. కోర్టువాళ్ల వీడియో లింకులో ఇంట్లోంచే నిన్ను చూస్తుంటాలే” అంది అక్క. ‘చూస్తున్నవారు: ఒకరు’ అని తెర మీద కనబడగానే కొండంత ధైర్యం వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఫ్యాక్టరీ తరఫు సాక్షి మా సూపర్‌వైజరు. నా సాక్ష్యం అతని చెవిన పడకూడదని కోర్టువాళ్లు అతన్ని మధ్యాహ్నం రమ్మన్నారు. వచ్చాడు. నేనన్న ప్రతి మాటకూ, అడక్కముందే, పాఠం అప్పజెప్పినట్టు జవాబిచ్చాడు.

బయటికొస్తుంటే కోర్టు గుమాస్తా ఆపాడు. “ఇంట్లోంచి చూడ్డం ఎలా ఉందో చెప్పమని ఫారం పంపామమ్మా. మీ అక్కగారు తెగ మెచ్చుకున్నారు, చూడండి.”

స్పష్టంగా వినిపించిందా? ప్రతి మాటా.

ఎవరితో కలిసి చూశారు? మా మరిదితో.

అక్కకున్నది ఒక్కడే మరిది. ఇందాకే బోను దిగి వెళ్లాడు.