తెగిన గొట్టం

తొమ్మిది గంటల కాఫీ ముగించుకుని రాగ్న్‌వాల్డ్ వడ్రంగి షెడ్డులోకి వచ్చేసరికి, కర్ర నున్నచేసే అతని సాండింగ్ మెషిన్‌కు దుమ్ము లాగే గొట్టం సగానికి తెగి ఉంది.

బల్ల దగ్గర ఎవరో ముసలాయన వంగి, మిగిలిన ముక్కకు పాత సైకిల్ ట్యూబు చుడుతున్నాడు. పక్కనే కత్తి.

స్వీడన్‌లోని ఈ స్మోలండ్‌లో ఒకడి పెళ్ళాంతో నవ్వుతూ మాట్లాడినా ఊరుకుంటారేమో గానీ, ఒకడి పనిముట్టు ఇంకొకడు ముట్టుకుంటే ఊరుకోరు.

రాగ్న్‌వాల్డ్ ముందు కొట్టాడు. తర్వాత అడిగాడు.

"ఎవడివి నువ్వు?"

ముసలాయన నేలమీద పొడిలో పడ్డాడు. లేచి రక్తం ఉమ్మాడు. అతని ముక్కు ఒక పక్క లేదు; ఎప్పుడో కోసి కుట్టిన మచ్చ.

"నేనెవడినైతే ఏం? నీ మెషిన్ దుమ్ము లాగడం లేదు. ముందు అది చూడు."

"ముఖం చూడరా సిక్స్‌టెన్," అన్నాడు రాగ్న్‌వాల్డ్ తోటి పనివాడితో. "ఇదివరకే ఎవడో సగం చెక్కి వదిలేశాడు. మిగతా సగం నన్ను చెక్కమంటున్నాడు."

అతని కోపానికి ఇంకో కారణం ఉంది. నెలరోజులుగా ముక్కులోంచి రక్తం కారుతోంది. ఈస్టర్‌లోగా దుమ్మయినా తగ్గాలి, నువ్వయినా ఓక్ కర్ర వదిలెయ్యాలి అంది డాక్టరమ్మ. ఓక్ మెట్లు నున్న చేయడం తప్ప అతనికి ఇంకో పని రాదు.

"ఒక్క పలక రుద్ది చూడు," అన్నాడు ముసలాయన. "దుమ్ము లేస్తే నా రెండో దవడ కూడా నీదే."

"లేవకపోతే?"

"నాకేమీ వద్దు."

ఏమీ వద్దనేవాడితో బేరం మంచిది కాదు. రాగ్న్‌వాల్డ్ అనుమానంగానే మీట నొక్కాడు.

పలక నున్నబడుతోంది. కిటికీలోంచి పడే ఎండలో ఒక్క రేణువు లేదు. నల్ల చొక్కా నల్లగానే ఉంది.

"ఏం చేశావు?"

"గరుకు కాగితానికి ఆరు చిల్లులు. అది అంటించే దిమ్మకు ఎనిమిది. ఒకదాని మీద ఒకటి పడవు. ఇక దుమ్ము ఏ దారిన పోతుంది? ఊచ కాల్చి కాగితానికీ ఎనిమిది పొడిచాను. గొట్టం నాలుగు మీటర్లుంటే లాగే బలం దారిలోనే చస్తుంది. అందుకే కోశాను."

సిక్స్‌టెన్ నవ్వాడు.

"అయితే ఎనిమిదేళ్ళుగా సీసాకు మూత పెట్టుకునే తాగుతున్నావన్నమాట, రాగ్నే."

ఆ నవ్వు సిక్స్‌టెన్‌ది. దాని ఖరీదు ముసలాయన చెల్లించాడు.

రాగ్న్‌వాల్డ్ అతని కాలరు పట్టి పలకల దొంతరకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. పడ్డాక డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు.

"చాల్లేవోయ్, చస్తాడు," అన్నాడు సిక్స్‌టెన్. అడ్డం మాత్రం రాలేదు.

రాగ్న్‌వాల్డ్ ముసలాయనను ఈడ్చుకెళ్ళి మంచులో పడేశాడు.

ముసలాయన గేటు పట్టుకుని లేచాడు. ఊపిరి అందడానికి కొంతసేపు పట్టింది.

"కొత్త కాగితం అంటించేటప్పుడు చిల్లులు చూసుకో," అని వెళ్ళిపోయాడు.

పలక మీద అతని రక్తం పడి ఉంది. రాగ్న్‌వాల్డ్ ముందు దాన్ని రుద్దేశాడు. ఆ పొడి కూడా గొట్టంలోకే పోయింది.

మధ్యాహ్నం దాకా పనిచేశాడు. ముక్కు తుడుచుకుంటే గుడ్డ తెల్లగానే ఉంది. రెండోసారి తుడుచుకుని చూశాడు.

యజమానురాలు గున్వోర్ కల్మార్ పట్నంలో మెట్లు దించి అప్పుడే వచ్చింది.

"పొద్దున ఒకాయన వచ్చాడా?"

"వచ్చాడు. తన్ని పంపాను."

గున్వోర్ తలుపు పట్టుకుంది.

"నీ ముక్కు సంగతి నేనే ఆయనకు ఫోన్‌లో చెప్పాను. ఆ పని చేసేవాళ్ళు ఒకరి మాట వినరు, కాఫీ వేళ వచ్చి సరిచేసి పోతా, నీకు చెప్పొద్దు అన్నాడు."

"మెషిన్ బాగానే చేశాడులే. కానీ అలాంటివాడా నాకు నేర్పేది? రెండు దెబ్బలకే కూలాడు. నాకు ముందు హెన్నింగ్ ఇక్కడ ముప్పై ఏళ్ళు నిలబడ్డాడట. గొట్టం లేదు, ముక్కుకు గుడ్డ లేదు. మగాడంటే ఆయన."

"హెన్నింగ్‌ను ఎప్పుడైనా చూశావా?"

"ఎక్కడ? నేను చేరేసరికే జబ్బుచేసి ఆస్పత్రిలో ఉన్నాడుగా."

గున్వోర్ గేటు వైపు చూస్తూ నిదానంగా అంది.

"చూశావు రాగ్నే, ఈ పొద్దునే."