ఏడో నంబరు జవాబు

సిబోల్గా రేవులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీని మళ్ళీ నడపాలంటే ముందు దాని యంత్రాలను నడిపే కంట్రోలర్ పెట్టె అడ్రసు నంబరు తెలియాలి. ఆ నంబరు పెట్టినవాడు ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. రుస్లీ తన లాప్‌టాప్‌కీ కంట్రోలర్‌కీ మధ్య తీగ బిగించి, కంట్రోలర్‌కి మాత్రం కరెంటు ఇచ్చాడు. లేవగానే యంత్రం తన నంబరు చెప్పుకుంటుంది, దాన్ని పట్టుకుంటే చాలు. ఆ తీగ మీద ఉన్నవి ఆ రెండే. మూడోది లేదు.

తెర మీద ఒక వరస పడింది. 'నేను ఐదో నంబరు, అడుగుతున్నాను. ఏడో నంబరు ఎక్కడ?'

"దొరికింది హోత్మాన్ అన్నా, ఇది ఐదు! ఏడెక్కడని ఒకటే గోల."

పళ్ళ చక్రంతో ఐసును పిండిచేసే, మోటారు విప్పేసిన తొట్టిలో దిగి తుప్పు గీకుతున్న హోత్మాన్ కసిరాడు. "ఏడంటే ఈ తొట్టి చక్రాన్ని తిప్పే పెట్టెరా. మా తమ్ముడు ఇందులో నలిగిపోయిన రోజే పీకి సముద్రంలో పారేశా. అరవనీ వెధవని, పలికేదెవడు?"

యంత్రం మళ్ళీ అడిగింది. మళ్ళీ అడిగింది. తొట్టిలో గీకుడు, బయట అలలు, ఇంకే చప్పుడూ లేదు.

తెర మీద మరో వరస పడింది.

'ఏడు ఇక్కడే ఉంది.'

రుస్లీ తీగ పీకి పారేశాడు. "అన్నా, పైకి రా!"

గీకుడు ఆగిపోయింది.

"ఒరేయ్ రుస్లీ," అన్నాడు హోత్మాన్ మెల్లగా, "చక్రం పళ్ళు కదులుతున్నాయేంట్రా?"