పాతర మూతి

“నా గోడను మింగిచ్చింది నువ్వే రామప్పా! తెలిసి తెలిసి మింగిచ్చినావు!”

దేవేంద్రప్ప గడ్డపార పట్టుకుని వచ్చి, పక్కనే లేస్తున్న రామప్ప కొత్తింటి ముందు నిలబడి అరిచాడు. మోకాళ్ల దాకా మట్టి. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

రామప్ప ఇంటికి ఆ రోజు స్లాబు పడుతోంది. కాంక్రీటు కలిపే మిల్లరు గరగరా తిరుగుతోంది. కూలీలు నిచ్చెన మీద వరసగా నిలబడి తట్టలు అందిస్తున్నారు. పైన రామప్ప భార్య శివలీల టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ చల్లి, కాంక్రీటు పరిచేవాళ్లకు మజ్జిగ పోస్తోంది.

రామప్ప కుర్చీలోంచి లేవలేదు.

“ఏమప్పా, మంచి పనికాడికి వచ్చి అరుస్తాండావు? గోడలు మింగేకి నేనేమన్నా బకాసురుణ్ణా?”

“నవ్వొద్దు! నా మూలగోడ రాత్రికి రాత్రి నడుము దాకా దిగిపోయింది. తవ్వి చూస్తే కింద పగిలిన బండ. బండ కింద గుంత. గడ్డపార దించితే అడుగు తగల్లేదు. ఏముండాది ఆడ? చెప్పు!”

“జొన్న పాతర.”

దాచాల్సిన పని ఇక లేదు. ఈ మాట అనే రోజు కోసమే రామప్ప కాచుకుని ఉన్నాడు.

“మా తాత తవ్విచ్చినాడు. జొన్నలు పోసి, మూతి మీద బండ కప్పి, మన్ను తోసేటోళ్లు. నీకు తెల్దా? ఎట్ల తెలుస్తాదిలే, మా జాగా గదా!”

ఆ మూల రామప్పదే. రామప్ప సుగ్గికని దూరం ఊర్లకు కూలికి పోయినప్పుడు దేవేంద్రప్ప సర్వేయరుకు కోడి కోసి పెట్టి, హద్దురాయి పెరికించి, రెండు గజాలు ఇవతలికి పాతించుకున్నాడు. రామప్ప వచ్చి ఊరి పెద్దలను అడిగితే, “పోనీలేప్పా, రెండు గజాలే గదా” అన్నారు. రెండు గజాలే! వెనక నలుగురు లేనివాడి నేల ఎంత పోయినా పెద్దలకు అది “పోనీలే”నే.

అప్పటినుంచి రామప్ప తన ఇల్లు కట్టుకుంటూ పక్కింటిని చూస్తూ వచ్చాడు. గోడ బీట వారితే వాస్తు చూపించుకోమన్నాడు. మళ్లీ వారితే బూడిద గుమ్మడికాయ కట్టమన్నాడు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకోమని కూడా చెప్పాడు, ఎంతో దిగులుగా ముఖం పెట్టి. పాపం, దేవేంద్రప్ప అన్నీ చేశాడు. కూల్చి కట్టాడు, కట్టి కూల్చాడు. ఆ కూల్చే చప్పుడు వినపడిన పూట రామప్పకు ఇంకో ముద్ద ఎక్కువ దిగేది.

“ఒక్క మాట చెప్పింటే సరిపోయేది గదప్పా!”

“రాయి పెరికేటప్పుడు నువ్వు నాకు చెప్పినావా, ఒక్క మాట?”

“గోడ కింద మనిషి పడింటే?”

“పడలేదు గదా. పడింటే అప్పుడు చూసుకుందుము.”

“రామప్పన్నా!” లోపలినుంచి మేస్త్రీ సుంకన్న కేక వేశాడు. “దేవేంద్రప్ప పక్క మూలలో కర్ర మళ్లా దిగింది!”

స్లాబు బరువు మోయడానికి కింద ఆనించిన కర్రల్లో అదొకటి.

“కింద చెక్క పెట్టి బిగించు. నేల పచ్చిగా ఉంటాది.”

“పొద్దన్నుంచి చెక్కలే పెడతాండా!”

“ఇంగొకటి పెట్టు పోప్పా!” రామప్ప తల కూడా తిప్పలేదు. దేవేంద్రప్ప ముఖం తప్ప ఇంకేదీ చూడాలని లేదు ఆయనకు.

దేవేంద్రప్ప గడ్డపార కింద పడేశాడు. “సరే. రెండు గజాలు వదిలేస్తా. ఇంగ ఈడికి చాలు.”

“ఉత్తగా వదిలేస్తే చాలదు. ఆ హద్దురాయి నీ చేత్తోనే పెరుకు. నెత్తిన పెట్టుకోని ఊరంతా తిరుగు. ఆ పెద్దోళ్ల గడపల ముందర ఒక్కొక్కసారి నిలబడు. అప్పుడొచ్చి పాత జాగాలో పాతు. పాతర గురించి నోరు మూసుకున్నందుకు నాకేం సిగ్గు ల్యా. మళ్లా ఇట్లాంటిదొస్తే మళ్లా మూసుకుంటా!”

“ఏ పాతర రా?”

కూలీల కోసం వంట చేస్తున్న రామప్ప తల్లి హనుమమ్మ గరిటెతోనే వచ్చి నిలబడింది.

“తాత పాతరమ్మా. ఈయప్ప గోడను మింగేసింది.”

“అది పూడ్చినామని మీ నాయన చచ్చేదాకా చెప్పినాడు గదరా!”

“యాడ పూడ్చినాడు? అంత మన్ను యాడ తెస్తాం? నాయనా నేనూ ఉత్త బండ కప్పి పైన మన్ను తోసినాం. అంతే.”

రామప్ప నవ్వాడు. తల్లికి ఇన్నాళ్లూ ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆమె ఆ పొద్దే పోయి దేవేంద్రప్పకు చెప్పేస్తుందని భయం.

హనుమమ్మ నవ్వలేదు. రామప్ప చిన్నప్పుడు చూసింది పాతర మూతిని మాత్రమే. ఆమె కొత్త కోడలుగా దీపం పట్టుకుని లోపలికి దిగి, జొన్నలు తోడి పైకి అందించిన మనిషి.

ఆమె చూపు దేవేంద్రప్ప మూలనుంచి మెల్లగా జరిగి కొడుకు ఇంట్లోకి వచ్చింది. సుంకన్న చెక్క కొడుతున్న కర్ర దగ్గర ఆగింది. గరిటె పారేసి కేక పెట్టింది.

“ఒరేయ్! ఆ పక్క తవ్వితే గట్టి రాయి తగిలిందని మీ తాత మూతి ఆడ పెట్టి, పాతర కడుపంతా ఈ పక్కకు తవ్విచ్చినాడురా, నీ ఇంటి కిందికి! మిల్లరు ఆపు, నా కోడల్ని దించు, పైనుండే వాళ్లందర్నీ దించు!”