బాంబర్‌కి బంతిపూలు

అమెరికాలోని నోవైలో పక్కింటి ముసలాయన పాత సామాన్లు అమ్మడానికి గరాజ్ సేల్ పెడితే, ఫణి ప్రపంచయుద్ధం నాటి బాంబర్ విమానం ఫొటో కొన్నాడు. అప్పట్నుంచీ, తనే నడిపొచ్చినట్టు, ఇంటికొచ్చినవాళ్లందరికీ దాని ఇంజన్ల మీద క్లాసు పీకుతున్నాడు.

దసరానాడు అత్తగారు కోటమ్మ కారుకీ, వాక్యూమ్ క్లీనర్‌కీ బొట్లు పెట్టి, ఆ ఫొటోకి బంతిపూల దండ వేసింది.

"అత్తయ్యా, ఫొటోకి దండేస్తే ఎవరో పోయారనుకుంటారు. తీసెయ్యండి."

"బాంబులేసేది ఆయుధం కాదా బాబూ? పూజ చెయ్యొద్దూ?"

ఇంతలో స్వీట్లు తినడానికి పిలిచిన పక్కింటాయన వచ్చాడు. దండ చూసి నిలబడిపోయాడు. ఫణి సారీ చెప్పబోయాడు.

ముసలాయన టోపీ తీశాడు. "ఇందులోనే మా అన్న పోయాడు. రోజూ చూడలేకే అమ్మేశాను. ఈవిడకెలా తెలిసింది?"

ఆ విమానం గురించి ఫణికి తెలియనిది ఇదొక్కటే.