అమెరికా గొంతు, జపాన్ గొంతు

“బాబాయ్, ఈ రెంటిలో ఏది మంచిదో మీరే తేల్చాలి. ఈ రోజు మీ మాటే ఆఖరు” అంది అమ్మాయి.

బల్ల మీద రెండు ఎలక్ట్రిక్ గిటార్లు ఉన్నాయి. ఒకటి అమెరికాలో చేసింది, ఇంకోటి జపాన్‌లో చేసింది. ఒకే ఆకారం, ఒకే ఎరుపు. కవల పిల్లల్లా ఉన్నాయి.

చెవి మాస్టారు తన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. ఆఖరు అన్న మాట ఎందుకొచ్చినట్టు?

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ గిటార్ల దుకాణంలో ఆయన కుర్చీ అదే. ఏ గిటారైనా ఆయన వాయించి “ఊఁ” అన్నాకే అమ్మకానికి గోడెక్కాలి. చెవి మాస్టారన్న పేరు పెట్టింది అమ్మాయి వాళ్ల నాన్న. ఆ మహానుభావుడు పోయి ఏడాదైంది. ఇప్పుడు దుకాణం అమ్మాయిది. ఈ నెల్లో మాస్టారు ఊఁ అన్న గిటార్లు మూడు తిరిగొచ్చాయి. కొన్నవాళ్లకు వాయించడం రాదు, అదీ ఆయన వాదన. అంతలో మొన్న ఒక అట్టపెట్టె దిగింది. అందులో శబ్దాన్ని కొలిచే మిషను ఉందట. అది విప్పితే మాస్టారికి ఇక ఇంటిదారేనని దుకాణంలోని ప్యాకింగాయన చెప్పాడు.

ఇంటికెళ్లి ఏం చెయ్యాలి? భార్య పోయాక ఆ ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఈ కుర్చీ కూడా పోతే పొద్దున్నే లేవడానికి ఆయనకు కారణమే ఉండదు.

“దానికేం భాగ్యం!” అన్నారు పైకి ధీమాగా. “ఇలా ఎదురుగా కూర్చో. ముందు ఆ చూయింగ్ గమ్ పారెయ్.”

ఈ మధ్య మాస్టారి దర్పం మరీ ఎక్కువైంది. ఆయనతో మాట్లాడేవాళ్లు ఎదురుగా, వెలుతుర్లో కూర్చోవాలి. నోట్లో ఏదీ నమలకూడదు. గుబురు మీసాలవాళ్లంటే ఆయనకు అసలే గిట్టదు. వెనక నుంచి పిలిస్తే పలకనే పలకరు. పెద్దాయన అలక అని అందరూ సర్దుకుపోతున్నారు.

అమ్మాయి గమ్ పారేసి ఎదురుగా కూర్చుంది. మాస్టారు ముందు జపాన్ గిటారు అందుకుని మెడ పొడుగునా వేళ్లు పోనిచ్చారు.

“చూడమ్మా, పనితనంలో జపాన్ వాడికి వంక పెట్టలేం. ఈ మెట్ల అంచులు ఎంత నున్నగా అరగదీశాడో చూడు. మెడ అతికిన చోట గోరు కూడా దూరదు. ఇక అమెరికా వాడి చెయ్యి కాస్త మొరటు. ఇదిగో, ఇక్కడ అంచు గుచ్చుకుంటోంది. కానీ కొయ్య చూడు, ఆ బరువు చూడు! కొయ్య దగ్గర వాడు పిసినారితనం చెయ్యలేదు.”

“మరి గొంతు?” అంది అమ్మాయి.

ఇదిగో, అసలు గండం ఇప్పుడొచ్చింది. మాస్టారు నుదురు తుడుచుకున్నారు. అమెరికా గిటారును ఆంప్లిఫయర్‌కి తగిలించారు. ఎర్ర దీపం వెలుగుతోందా లేదా అని రెండుసార్లు చూసుకున్నారు. తర్వాత గిటారు అంచు మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని, ఆరు తీగల్నీ ఒక్కసారిగా మీటారు.

“అబ్బబ్బ! కాస్త తగ్గించమ్మా, చెవులు పగిలిపోతున్నాయి!” అన్నారు కళ్లు తెరిచి.

అమ్మాయి ఒక్క క్షణం ఆయన్నే చూసింది. వంగి ఆంప్లిఫయర్ మీట తిప్పింది.

“ఆఁ, ఇప్పుడు హాయిగా ఉంది. విన్నావా? ఇది బండ గొంతు. పొట్టలోంచి వస్తుంది. మీటడం ఆపేశాక కూడా చాలాసేపు గదిలో తచ్చాడుతూనే ఉంటుంది.”

జపాన్‌ది తగిలించారు. మళ్లీ గడ్డం ఆనించారు.

“ఇది తేట గొంతు. ఒక్కో తీగా విడివిడిగా పలుకుతుంది. అదే దీంతో చిక్కు కూడా. నువ్వు తప్పు మీటితే ఆ తప్పూ అంత తేటగానే బయటపెడుతుంది. అమెరికాది అలా కాదు. అమ్మలాగా నీ తప్పుల్ని కప్పెడుతుంది.”

మాటలు వాటంతటవే దొర్లుకొస్తున్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్ల అనుభవం ఎక్కడికి పోతుంది? ఏ మిషను చెప్పగలదు ఇలాగ!

ప్యాకింగాయన ఏదో అడగడానికి లోపలికొచ్చాడు. మాస్టారి వేళ్ల వైపు చూశాడు, అమ్మాయి వైపు చూశాడు. ఏమీ అడక్కుండానే వెళ్లిపోయాడు.

“ఇంకొక్కసారి వాయిస్తారా బాబాయ్? నాన్నకి ఇష్టమైన పాట” అంది అమ్మాయి.

మాస్టారు ప్రాణమంతా వేళ్లలోకి తెచ్చుకుని వాయించారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. ఆఖరి తీగ మీటి, అది పూర్తిగా చల్లారేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు తల ఎత్తారు. అమ్మాయి కళ్ల నిండా నీళ్లున్నాయి. గట్టెక్కాం రా భగవంతుడా అనుకున్నారు.

“తేల్చేశాను, రాసుకో. గంటలకొద్దీ వాయించేవాడికి జపాన్‌ది ఇవ్వు, చేతికి సుఖం. ఒక్క పాటతో జనాన్ని లేపి నిలబెట్టాలనుకునేవాడికి అమెరికాది ఇవ్వు. ఇంకేం, ఆ మిషను అట్ట కూడా విప్పకుండా వెనక్కి పంపించెయ్!” అంటూ నవ్వారు.

అమ్మాయి నవ్వలేదు.

లేచి దగ్గరికొచ్చి, పొద్దున ఆయన రాకముందే ఆంప్లిఫయర్ వెనక నుంచి తను ఊడదీసి దాచిన స్పీకరు వైరును జేబులోంచి తీసి, ఆయన ఒళ్లో పెట్టింది.