కారణం అడగని చట్టం

ఏసీ ఎంత చల్లగా ఉండాలన్నది మానవజాతి నేటికీ తేల్చుకోలేని మహావివాదం. దుబాయిలో న్యాయవాది వజ్దీ గారి గదిలో మారివిక్ చలి తగ్గించమంది. భర్త రోడెల్ పెంచమన్నాడు. విడాకులకు వచ్చిన ఫిలిప్పీన్స్ దంపతులు గనుక వజ్దీ గారు ఆశ్చర్యపోలేదు, ఏసీ ఆపేశారు.

"మీరు క్రైస్తవులు. ముస్లిమేతరులకని తెచ్చిన ఇక్కడి కొత్త చట్టం విడాకులకు కారణం కూడా అడగదు. ఒక్కరు కోరితే చాలు," అన్నారాయన.

"అడిగితే చెప్పే ఓపిక కూడా లేదు సార్," అంది మారివిక్. "అయితే ఊరెళ్ళి మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చుగా? అక్కడొకాయన నాకోసం ఎదురుచూస్తున్నాడు."

వజ్దీ గారు కళ్ళజోడు తీశారు. "ఇక్కడైతే చేసుకోవచ్చమ్మా. మీ దేశంలో మాత్రం ఈ విడాకులు చెల్లవు. అక్కడ ముస్లింలకైతే విడాకుల చట్టం ఉంది, మీకు లేదు."

"అంటే?"

"ఇక్కడ మీరు ఎవరికి ఎవరో. అక్కడ భార్యాభర్తలే."

రోడెల్ నవ్వబోయి ఆవలించాడు. "మరి విమానంలో ఏమవుతాం సార్?"

"నోర్మూసుకో," అంది మారివిక్. కానీ ఆ గొంతులో పాత కసి లేదు. తనను కట్టేసింది ఈ మనిషి కాదని, అతడూ అదే తాటికి రెండో కొసన ఉన్నాడని ఆమెకు మొదటిసారి తోచింది.

"క్రిస్మస్‌కి వస్తున్నావుగా? కిటికీ సీటు నువ్వే తీసుకో," అన్నాడతడు మెల్లగా.

పండగకని వాళ్ళు ముందే కొన్న టికెట్లు పక్కపక్క సీట్లవి. రద్దు చేసుకునే వీలు లేనివి.