ధరల పుస్తకం

"పుస్తకం ఎక్కడ పెట్టావో చెబుతావా, లేదా?"

కటింగ్ మాస్టరు బీరువా అడుగు అరలోంచి చీరలన్నీ లాగి కింద పడేశాడు. భార్య వాటిని ఒక్కొక్కటే తీసి మడత పెడుతూ, "నేను చూళ్లేదండీ" అంది. అలా అనడం అది మూడోసారి.

"ఐదింటికి ధరల మీద మీటింగు. వార్డు లీడరు ఈపాటికి బయల్దేరి ఉంటాడు. మైకు ముందు నిలబడి చదవాల్సింది నేను!"

"మనకెందుకండీ ఆ గొడవలు? రేపు పొద్దున్నే ఆరింటికల్లా గోడౌను దగ్గర ఉండాలిగా. కాస్త నడుం వాల్చండి."

ఆవిడ ఆ మాట అనకుండా ఉండాల్సింది. మాస్టరు మొహం కందగడ్డయింది. అరవై నిండాయని బట్టల కంపెనీ వాళ్లు పోయిన నెల ఒక నెల జీతం చేతిలో పెట్టి పంపించేశారు. పింఛనూ లేదు, పాడూ లేదు. వీధి మొదట్లో ఓ గది అద్దెకు తీసుకుని సొంతంగా మిషను వేసుకుందామంటే అడ్వాన్సుకి గతి లేదు. రేపటి నుంచి గోడౌనుకి కాపలా. ఇన్నేళ్లూ కత్తెర పట్టిన చెయ్యి ఇక కర్ర పట్టాలి.

"నేను తాగానా? పేకాడానా? సబ్బు అరిగి రేకైపోతే కొత్త సబ్బుకి అతికించి రుద్దుకున్నవాణ్ణి. జీతం కవరు విప్పకుండా తెచ్చి నీ చేతిలో పోసినవాణ్ణి. అయినా చిల్లిగవ్వ మిగల్లేదంటే ఎవరి పుణ్యం? ఈ ప్రభుత్వానిది కాదూ?"

"ముందున్నదీ అంతేగా."

"అందుకేగా దాన్ని దింపాం! దీన్నీ దింపుతాం. నా దగ్గర నాలుగు డబ్బులు మిగిలుంటే ఈ మీటింగుకి చందా మొత్తం నేనే ఇచ్చేవాణ్ణి, తెలుసా?"

"తెలుసండీ" అంది ఆవిడ. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

పుస్తకం చివరికి బియ్యం డబ్బాలో దొరికింది. దానంతటది బియ్యంలోకి నడిచి వెళ్లదు కదా అన్న ఆలోచన మాస్టరుకి రాలేదు. దొరికిందన్న సంబరం అలాంటిది.

అది కంపెనీలో కొలతలు రాసుకునే పొడుగాటి పుస్తకం. అక్కడ ముందు గదిలో ఎవరో కొలిచి, తెర అవతలి నుంచి కేకేసి చెప్పేవారు. మాస్టరు రాసుకుని గుడ్డ కత్తిరించేవాడు. గిరాకీ మొహం ఏనాడూ చూసి ఎరగడు. ఇంట్లోనూ అదే పద్ధతి. భార్య బజారు నుంచి వచ్చి ధరలు చెప్పేది, ఆయన ఈ పుస్తకంలో రాసేవాడు. ఇరవై ఆరేళ్లలో సంచీ పట్టుకుని బజారుకి వెళ్లిన పాపాన పోలేదు. అంకె వినబడితే రాయడమే తప్ప వెళ్లి చూసే అలవాటు లేదు.

లీడరు వచ్చాడు. వెంట కిరాణా కొట్టాయన కూడా ఉన్నాడు. ఆయన్ని చూడగానే భార్య చేతిలోని చీర కిందికి జారిపోయింది.

"ఈయన్ని సాక్ష్యానికి తెచ్చాను మాస్టారూ. మీరు చదవండి, ఈయన పక్కన నిలబడి అవునంటాడు. దెబ్బకి జనం అట్టుడికిపోవాలి. ఏదీ, ఒక ముక్క వినిపించండి."

మాస్టరు కళ్లజోడు సవరించుకున్నాడు. "పోయిన నెల మూడో తారీఖు. వంటనూనె లీటరు నూట తొంభై. పంచదార కిలో అరవై."

కొట్టాయన దగ్గాడు. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఆ నెలంతా నూనె నూట అరవై. పంచదార యాభై దాటలేదు."

"నీకు గుర్తులేదులే. ఇది చూడు, ఆరేళ్ల కిందటిది. బియ్యం బస్తా పదహారు వందలు."

"పధ్నాలుగు వందలకి పైసా ఎక్కువ అమ్మితే ఒట్టు!"

లీడరు పుస్తకం లాక్కుని నాలుగు చోట్ల తిరగేశాడు. కొట్టాయన నాలుగు చోట్లా తల అడ్డంగానే ఊపాడు. "కొంప ముంచారు కదా మాస్టారూ! ఇవి మీరు కల్పించి రాశారా? మైకులో చదివామంటే చెప్పులు పడతాయి."

"నేనా? కల్పించానా?" మాస్టరు ఒక్కసారిగా కొట్టాయన చొక్కా పట్టుకున్నాడు. "ఎంతకి అమ్ముడుపోయావయ్యా? ప్రభుత్వం వాళ్లు ఎంతిచ్చారు? మా ఆవిడే సాక్ష్యం. ఇన్నేళ్లూ నీ కొట్టుకి వచ్చిందావిడే. ఏమే, చెప్పవే వీళ్లకి!"

ఆవిడ గబగబా లోపలికి వెళ్లిపోయింది.

"చూశారా, పిచ్చిది! మిమ్మల్ని చూసి హడలిపోయింది" అన్నాడు మాస్టరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బతుకంతా రాసుకున్నది అబద్ధమంటే ఏ మగాడు మాత్రం తట్టుకుంటాడు?

ఆవిడ తిరిగొచ్చింది. కొంగు చాటు నుంచి పోస్టాఫీసు పాసుపుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఆయన చొక్కా వదలండి ముందు. దీని గడువు ఇవాళ్టితో తీరింది. పొద్దున వెళ్లి కనుక్కొచ్చాను. వీధి మొదట్లో గదికి అడ్వాన్సు కట్టెయ్యండి. ఆ గోడౌనుకి రేపు మీరు వెళ్లక్కర్లేదు."

మాస్టరు పుస్తకం తెరిచాడు. మొదట ఆయన పేరు, కింద ఆవిడ పేరు. ఆఖరి వరసలో ఆరు లక్షల పద్దెనిమిది వేలు. ఒకటికి రెండుసార్లు వేలు పెట్టి చదివాడు.

"ఇంత డబ్బు మనకెక్కడిదే?"

భార్య బియ్యం అంటిన ఆ పొడుగాటి పుస్తకాన్ని లీడరు చేతిలోంచి మెల్లిగా తీసుకుంది.

"ప్రభుత్వాలు మూడు మారాయి గానీ, మనింట్లో ధరలు పెంచింది మాత్రం నేనొక్కదాన్నేనండీ."